పెట్టె మీద లుంగీ



మా వైపు సంక్రాంతిని పెద్దపండగ అంటాం. బూరెలూ, కొత్తల్లుళ్ళూ అందరిళ్ళల్లోలాగే ఉంటారు గానీ, ఉత్తరాంధ్రలో అది ముందుగా పెద్దల పండగ. పోయినవాళ్ళ పేర్లు తలుచుకుని కొత్తబట్టలు తెస్తాం. పసుపు పెట్టి పీట మీద ఉంచుతాం. ఆకు వేసి, బతికుండగా ఎవరికి ఏది ఇష్టమో అది వండి వడ్డిస్తాం. చుట్ట అలవాటున్న తాతకి చుట్ట, కల్లు అలవాటున్న ముసలమ్మకి కల్లు. ఆ విషయంలో మాకు మొహమాటం లేదు. ధూపం వేసి దండం పెట్టుకున్నాక ఆ బట్టలు ఇంట్లోవాళ్ళే కట్టుకుంటారు.

మా ఇంట్లో మాత్రం ఈ బట్టలు రెండుచోట్ల ఉండేవి. మా మామ్మ తన అత్తమామలకి తెచ్చిన పంచే చీరా పీట మీద పెట్టేది. ఒక లుంగీ మాత్రం గది మూలనున్న ట్రంకుపెట్టె మీద పెట్టేది. దానికి పసుపు పెట్టేది కాదు. దాని ముందు ఆకు వేసేది కాదు. పండగ వెళ్ళాక మడత విప్పకుండా పెట్టెలో పెట్టి తాళం వేసేసేది. ఆ లుంగీ ఎవరూ కట్టుకోగా నేను చూడలేదు.

ఆరేళ్ళప్పుడనుకుంటాను, అడిగాను.

"అది పెద్దలకి కాదురా గుంటడా, మీ తాతకి" అంది.

"తాత పెద్దోడు కాడా?"

"వొచ్చినాక ఆడినే అడుగు."

మా తాత రంగం మనిషి. ఈ మాట ఇప్పటి పిల్లలకి తెలీదు. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో కరువొచ్చినా, అప్పు పెరిగినా, అన్నదమ్ములకి పడకపోయినా దారి ఒక్కటే, రంగం ఓడెక్కడం. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఎక్కేవారు. మేస్త్రీ టిక్కెట్టు కొనిచ్చి తీసుకెళ్ళేవాడు, అక్కడ కూలిలో విరుచుకునేవాడు. బియ్యం మిల్లుల్లో బస్తాలు, రేవులో సరుకు దింపుడు, రిక్షా లాగుడు, పాకీపని, అన్నీ మనవాళ్ళే. అక్కడివాళ్ళు మనల్ని కొరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. మన తీరంలో ఓ చిన్న రేవు పేరు పరాయి దేశంలో ఒక జాతి పేరైపోయింది, అదీ తిట్టులా. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మనుషులు భారతీయులే. అంతమంది ఒకచోటికి చేరితే అక్కడివాళ్ళకి కడుపుమంట ఉండదా? 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి దింపాయి. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళని పొమ్మన్నాయి. గొడవ కూలీకీ కూలీకీ మధ్య మొదలై ఊరంతా అంటుకుంది. వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. మా తాత అప్పుడు ఒక గోదాములో బస్తాల వెనక మూడురోజులు దాక్కున్నాడట. బయటికొచ్చి మళ్ళీ అదే రేవులో అదే పనికి వెళ్ళాడు. ఆ తర్వాతే మా మామ్మని పెళ్ళి చేసుకుని తీసుకెళ్ళాడు. ఆమె ఈ సంగతి చెప్పినప్పుడల్లా, "అప్పుడైనా బుద్ధి రావద్దేటి" అనేది. ఎవరికి రావాలో చెప్పేది కాదు.

1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. రేవు ఖాళీ అయింది. ఓడలో చోటు డబ్బున్నవాళ్ళకి, చోటు దొరకనివాళ్ళకి కాలినడక. ఆ కొద్దినెలల్లో బర్మా నుంచి నాలుగైదు లక్షలమంది భారతీయులు బయటపడ్డారంటారు. కొందరు మణిపూర్ వైపు వెళ్ళారు. మావాళ్ళు ప్రోమ్ ఊరు దాటి, అరకాన్ యోమా కొండల్లో టౌంగప్ కనుమ పట్టారు. అవతల సముద్రం, అక్కడి నుంచి పడవలో అక్యాబ్, ఆ పైన చిట్టగాంగ్. మామ్మ చంకలో మూటా, చేతిలో ఏడేళ్ళ మా నాన్నా. దారిలో నీళ్ళు లేవు. నీళ్ళున్నచోట కలరా ఉంది.

కనుమలో ఒకచోట తాతతోపాటు బస్తాలు మోసిన ఆయన, మా పక్క ఊరివాడే, వాంతులతో పడిపోయాడు. గుంపు ఆగదు. తాత ఆయన దగ్గర కూర్చున్నాడు. "నువ్వు నడు, గుంటడ్ని తీసుకెళ్ళు. నానెనకే వొస్తాను" అన్నాడు. అప్పుడు వెన్నెలగా ఉంది. ఎండకి నడవలేక గుంపు రాత్రుళ్ళే నడిచేది. మామ్మ కొంతదూరం వెళ్ళి వెనక్కి చూస్తే, వెన్నెల్లో తాత తువ్వాలు విసురుతూ కనిపించాడట. పిలుస్తున్నాడో, పొమ్మంటున్నాడో ఆమెకి చివరిదాకా తేలలేదు. ముసలితనంలో కూడా ఉన్నట్టుండి చెయ్యెత్తి, "ఇలాగ ఇసిరినాడు, దీనర్థం ఏటంటావు?" అని అడిగేది. నేనొకసారి పొమ్మన్నాడేమో అన్నాను. ఇంకోసారి గాలికి ఊగిందేమో అన్నాను. ఏదన్నా ఊకొట్టేది.

చిట్టగాంగ్, కలకత్తా, అక్కడి నుంచి రైల్లో వాల్తేరు. దిగింది 1942 ఏప్రిల్ రెండోవారంలో. అప్పటికి వారం కిందటే, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేసి వెళ్ళాయి. ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని పల్లెలకి పోతోంది. వాళ్ళకి ఎదురుగా మా మామ్మ ఒక పిల్లాడితో ఊళ్ళోకి నడుస్తోంది. "బాంబులకి జడిసి నాను నడిసొస్తే, అయ్యి నాకంటే ముందొచ్చి కూకున్నాయి" అనేది. అందరూ ఖాళీ చేసిన కోటవీధిలో ఆమెకి ఇల్లు సులువుగా దొరికింది. జపానువాడి వల్ల మాకు జరిగిన మేలు అదొక్కటే.

పోర్టులో మాంగనీసు తట్ట మోసింది. 1933లో మన రేవు తెరిచిందే ముఖ్యంగా మధ్యపరగణాల మాంగనీసు రాయి పైదేశాలకి పంపడానికి. సాయంత్రానికి మనిషి నల్లగా, కళ్ళు తెల్లగా ఇంటికొచ్చేది. ఒళ్ళు కడుక్కుని ముందుగా బొట్టు పెట్టుకునేది. రూపాయంత బొట్టు. వీధిలో ఆడవాళ్ళు మొదట్లో ఊరుకున్నారు, ఏడాది తిరిగాక నోరు విప్పారు. మొగుడు కొండల్లో ఉండిపోయాడట, ఈవిడేమో రంగుబొట్టూ గాజులూ అని. మామ్మ ఒకే మాట అనేది: "సచ్చిపోనాడని ఎవుడు సూసినాడు?" దానికి సమాధానం ఎవరి దగ్గరా లేదు.

ఇక్కడ మన మూడు కొండల సంగతి చెప్పాలి. రేవు ముఖద్వారం దగ్గర, యారాడ కొండకి ఎదురుగా, మూడు చిన్న కొండలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద మరియమాత గుడి. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడనీ, తర్వాత అదే ప్రార్థనామందిరం అయిందనీ, అందుకే రాస్ హిల్ అనీ అంటారు. ఇంకోదాని మీద ఇషాక్ మదనీ బాబా దర్గా. మూడోదాని మీద వేంకటేశ్వరస్వామి. ఆ గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడని చెప్తారు. బయట ఊళ్ళవాళ్ళు వస్తే ఈ మూడింటినీ చూపించి మతసామరస్యం అంటాం. స్టీల్‌ప్లాంటు ఉద్యోగంలో ఉండగా అక్కడికి వచ్చిన అతిథులతో నేనూ చాలాసార్లు అన్నాను.

మా మామ్మ మూడు కొండలూ ఎక్కింది. సామరస్యం కోసం మాత్రం కాదు. ఆమెకి ముగ్గురి మీదా అనుమానమే. శనివారం వెంకన్న దగ్గరికెళ్ళి, ఓడ వస్తే తలనీలాలిస్తానని మొక్కింది. ఓడలు లోపలికొస్తూ బాబాకి సలాం చేస్తాయని పోర్టులో పాతవాళ్ళు చెప్పుకుంటారు. ఓడలు బాబా మాట వింటాయి కదా అని గురువారం దర్గాకెళ్ళి చాదర్ మొక్కింది. మరియమ్మ కొడుకుని పోగొట్టుకున్న తల్లి, ఆడదాని గోడు ఆడదానికి తెలుస్తుందని ఆదివారం కొవ్వొత్తి వెలిగించింది. ఇవన్నీ కాక సింహాచలం అప్పన్న ఎలాగూ ఉన్నాడు, బురుజుపేట కనకమాలక్ష్మి ఉంది. ఆ అమ్మవారిని ఎవరైనా చేత్తో తాకి పూజ చేసుకోవచ్చు గనక మామ్మకి ఆవిడ దగ్గర చనువెక్కువ, గట్టిగా తిట్టేది కూడా. ఎవరు తెస్తే వాళ్ళకి మొక్కు చెల్లు. ముగ్గురు నలుగురు కంట్రాక్టర్లకి ఒకే పని చెప్పి, ఎవడు ముందు పూర్తిచేస్తే వాడికి డబ్బు అన్నట్టు ఉండేది ఆమె భక్తి. దీన్ని నేను తక్కువచేసి చెప్పడం లేదు. మనిషి పోయాడని ఖాయమైతే ఒక్క దేవుడి దగ్గర కూర్చుని ఏడవొచ్చు. పోయాడో ఉన్నాడో తెలీనప్పుడు ఒక్క దేవుణ్ణి నమ్ముకుని కూర్చోవడం ఎలా?

ఏటా పెద్దపండగకి ఆ లుంగీ కొనేది. యుద్ధం రోజుల్లో బట్ట దొరకలేదు, కంట్రోలు. ఆ మూడేళ్ళూ తువ్వాలు పెట్టింది.

1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. యుద్ధం అయ్యాక కూడా అక్కడే ఉండిపోయిన, తిరిగి వెళ్ళిన మనవాళ్ళు లక్షల్లో మళ్ళీ బయల్దేరారు. ఈసారి ఓడల్లోనే, కానీ బంగారం తేకూడదు, డబ్బు తేకూడదు. అలా వచ్చినవాళ్ళలో మా చిన్నతాత ఉన్నాడు. తాతకి సొంత తమ్ముడు, 1942లో నడవలేనని రంగూన్‌లోనే ఆగిపోయినవాడు. 1965లో ఆయనా, ఆయన భార్యా, ముగ్గురు పిల్లలూ మద్రాసులో ఓడ దిగి రైల్లో వాల్తేరు వచ్చారు. ఇరవై మూడేళ్ళు మా మామ్మ రేవు వైపు చూసింది. కబురు రైలుస్టేషన్ నుంచి వచ్చింది.

నాకప్పుడు పదేళ్ళు. చిన్నతాత గుమ్మంలో నిలబడ్డాడు. మామ్మ మంచినీళ్ళివ్వలేదు, కూర్చోమనలేదు. "ఆడు రంగం తిరిగొచ్చినాడా?" అంది. కనుమలోంచి వెనక్కి తిరిగి రంగూన్ చేరి ఉంటాడని ఆమె లెక్క. ఆ లెక్క మీదే బొట్టు, గాజులు, మొక్కులు, లుంగీలు అన్నీ నిలబడి ఉన్నాయి. చిన్నతాత తల అడ్డంగా తిప్పాడు. "రాలేదొదినా. నీకాడికే వొచ్చీసినాడనుకున్నాం" అన్నాడు. ఆ ఇరవై మూడేళ్ళూ వాళ్ళ లెక్కలో తాత విశాఖలో ఉన్నాడు, మా లెక్కలో రంగంలో ఉన్నాడు. రెండిళ్ళలోనూ బతికే ఉన్నాడు. ఆ పూట మా గుమ్మంలో చచ్చిపోయాడు.

మామ్మ ఏడవలేదు. మొలలోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. నేను మొదటిసారి లోపల చూశాను. ఇరవై లుంగీలు, మూడు తువ్వాళ్ళు. అడుగున ఉన్నవి మడతల దగ్గర పసుపెక్కి, ముట్టుకుంటే చిట్లేలా ఉన్నాయి. పైవాటికి ఇంకా గంజి వాసన. కంచరపాలెంలో వచ్చినవాళ్ళకి పాకలు వేశారు, ఇప్పటికీ దాన్ని బర్మా క్యాంపు అనే అంటున్నాం. చిన్నతాతతోపాటు వచ్చినవాళ్ళకి మార్చుకోవడానికి బట్టలు లేవు. మామ్మ ఆ మూట నెత్తిన పెట్టుకుని, నన్ను వెంటేసుకుని, కోటవీధి నుంచి కంచరపాలెం నడిచి వెళ్ళింది. మాంగనీసు తట్ట మోసిన నడకే. పాక పాకకీ తిరిగి పంచింది. ఎవరివమ్మా ఇవి అంటే, మాయే అంది. ఒక్కటి మాత్రం ఉంచుకుంది. 1966 పెద్దపండగకి ఆ లుంగీకి పసుపు పెట్టి పీట మీద పెట్టింది. ముందు ఆకు వేసింది.

కబురొచ్చిన మర్నాడు పొద్దున్న మామ్మ టీ ఇస్తున్నప్పుడు చూశాను, నుదురు ఖాళీగా ఉంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెరపలేదు, తనే కడిగేసుకుంది. మా చిన్నమామ్మ, అంటే చిన్నతాత భార్య, బర్మా ఆవిడ. తెలుగు నాలుగు ముక్కలొచ్చు. ఈ బొట్టు తీసేయడమేమిటో ఆవిడకి తెలీదు. నుదురు బోసిగా ఉంది, మనిషికి బాగోలేదేమో అనుకుంది. మూటలోంచి చిన్న కర్రముక్కా, గుండ్రటి రాయీ తీసింది. రాయి మీద నీళ్ళు చిలకరించి కర్రని అరగదీసింది. తనాఖా అంటారు దాన్ని, బర్మాలో ఆడవాళ్ళందరూ మొహానికి పూసుకుంటారు, భర్త ఉన్నా లేకపోయినా. లేతపసుపు గంధం. దాన్ని రెండువేళ్ళతో తీసి మా మామ్మ బుగ్గలకీ నుదుటికీ పూసేసింది. చల్లగా ఉంటుందని సైగ చేసింది. చూస్తున్న ఆడవాళ్ళు నోరు నొక్కుకున్నారు. మామ్మ కళ్ళు మూసుకుని కూర్చుని, "అప్పన్నకి పూసినట్టు పూసీసినావు కదే" అంది. సింహాచలం స్వామి ఏడాదంతా గంధం కిందే ఉంటాడు కదా, అక్షయ తదియనాడు ఒక్కరోజే నిజరూపం. ఆ తర్వాత మామ్మ పోయేదాకా, తోచినప్పుడల్లా తనాఖా పూసుకుంది. వీధివాళ్ళు దానికి పేరు పెట్టలేకపోయారు. బొట్టు కాదు గనక తప్పు పట్టడానికి లేదు.

తిథి దగ్గర ఇంకో పేచీ వచ్చింది. తారీకు తెలీనివాళ్ళకి మహాలయ అమావాస్యనాడు పెట్టమని పంతులుగారు చెప్పారు. శాస్త్రంలో ఉన్నదే చెప్పారు. మామ్మ ఒప్పుకోలేదు. "నాను ఆడ్ని ఆకరిసారి సూసినప్పుడు ఎన్నెలుందండి. అమాసకి పెడితే ఆడికి దారెలాగ కనిపిస్తాది?" అంది. సంక్రాంతి వెళ్ళి రెండుమూడు వారాలని ఆమెకి గుర్తు. నేను పెద్దయ్యాక పాత పంచాంగం చూశాను. 1942లో మాఘపున్నమి ఫిబ్రవరి మొదట్లో పడింది. చదువురాని మనిషి లెక్క సరిగ్గానే ఉంది. మాఘపున్నమికి పంతులుగారు రానన్నారు, రాకుండానే పెట్టింది. ఆకులో అన్నం, పప్పు, చేప, వాటి పక్కన ఖౌస్వే.

ఖౌస్వే అంటే బర్మావాళ్ళ నూడుల్స్. మా తాతకి రంగూన్ వీధుల్లో ఇష్టమైన తిండి అదేనని చిన్నతాత చెప్పాడు. మామ్మకి వండటం రాదు, చిన్నమామ్మ వచ్చేదాకా ఆ ఇష్టం మా ఇంటికి రాలేదు. నూడుల్స్ ఎక్కడా దొరక్క మొదట్లో సేమ్యాతో చేసేది. ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిరప నూరి నూనెలో ఎర్రగా వేయించి, కొబ్బరిపాలు పోసి, శనగపిండి కలిపి చిక్కబరచడం. మీద వేపిన ఉల్లిపాయలు, ఉడికించిన గుడ్డు, నిమ్మకాయ. కాకికి పెడితే గుడ్డెత్తుకుపోయి సేమ్యా వదిలేసింది. "మీ తాతా అంతే, ఏరుకు తినీవోడు" అని మామ్మ నవ్వింది. తాత మాట మీద ఆమె నవ్వడం అదే మొదటిసారి.

చిన్నతాతకి ఇక్కడ కుదురు దొరకలేదు. అక్కడ కలా అన్నారు, అంటే పరాయివాడని. ఇక్కడికొస్తే బర్మావాడన్నారు. సాయంత్రాలు టీదుకాణంలో రేడియో దగ్గర కూర్చునేవాడు. మన ఆకాశవాణే విదేశాల కోసం బర్మీస్ భాషలో ప్రసారం చేసేది. షార్ట్‌వేవ్ గరగరల మధ్య ఆ వార్తలు కళ్ళు మూసుకుని వినేవాడు. ఇప్పుడు ఆ ఆకాశవాణి మైకు ముందే కూర్చుంటే ఆయనే గుర్తొస్తున్నాడు.

చిన్నమామ్మ బుద్ధుణ్ణి తెచ్చుకుంది. జానెడు ఇత్తడి బొమ్మ, అప్పన్న పటం పక్కనే పెట్టారు. ఆవిణ్ణి ఒకసారి, తొంభైలలో, తొట్లకొండకి తీసుకెళ్ళాను. నేవీవాళ్ళు 1976లో విమానంలోంచి సర్వే చేస్తుంటే అక్కడి బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి. కొండరాతిలో తొలిచిన నీటితొట్లు ఉన్నాయి గనక ఆ పేరు. రెండువేల ఏళ్ళ కిందట భిక్షువులు అక్కడ ఉండి ధ్యానం చేసుకున్నారు. చిన్నమామ్మ కారు దిగగానే చెప్పులు విప్పేసింది. మే నెల ఎండ. కాపలా మనిషి జాలిపడి, "చెప్పులేసుకోండమ్మా, ఇదేం గుడి కాదు, పాడుపడ్డ గోడలు" అన్నాడు. ఆవిడ అప్పటికి మన యాసలో బాగానే మాట్లాడేది. "పాడుపడ్డాదని ఎవులు సెప్పినారు నాయినా" అని, కాలే రాళ్ళ మీద స్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. రాత్రి వాటికి తనాఖాయే పూసుకుంది.

నేను స్టీల్‌ప్లాంటులో చేరాను. 1966 నవంబరు 1న ఆ ప్లాంటు కోసం జరిగిన ఉద్యమం మీద మన ఊళ్ళో కాల్పులు జరిగినప్పుడు మామ్మ నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. ఉద్యమంలో రాష్ట్రమంతటా ముప్పైరెండుమంది పోయారంటారు. 1971లో శంకుస్థాపన, 1990లో మొదటి బ్లాస్ట్‌ఫర్నేసు. దానికి గోదావరి అని పేరు. నేను దాని దగ్గరే పాతికేళ్ళు పనిచేశాను. నా భార్య ఆ ప్లాంటు కింద పోయిన ఊరి పిల్ల. అరవైకి పైగా ఊళ్ళు లేచిపోయాయి. వాళ్ళ నాన్నకి నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు ఇచ్చారు, గాజువాక అవతల కాలనీలో స్థలమిచ్చారు. గ్రామదేవతని కూడా కాలనీకి తెచ్చుకుని సిమెంటు గుడి కట్టారు. ఏటా పండగ చేస్తారు, ఘటాలెత్తుతారు. నా భార్య మాత్రం అనేది, "మా అమ్మోరికి గుడుంది గానీ పొలిమేర లేదండి." ఘటం ఎత్తుకుని ఊరు చుట్టూ తిరగాలి. ఏ ఊరు చుట్టూ? ఆమె జీడితోట ఉన్నచోట నేను షిఫ్టు చేసేవాణ్ణి. పెళ్ళైన కొత్తలో, డ్యూటీ నుంచి రాగానే, "ఇవాళ మా ఇంటి మీంచి నడిచారా?" అని అడిగేది. వేళాకోళంగానే అడిగేది. నేను మాత్రం కొన్నాళ్ళు దారి మార్చుకుని వెళ్ళాను, ఏది ఇల్లో తెలీకపోయినా.

మూడేళ్ళ కిందట, శ్రావణమాసంలో, మంగళవారం పొద్దున్న ఆరుగంటలకి ఆమె పోయింది. గుండె. పది నిమిషాల్లో అయిపోయింది. మా అమ్మాయి టొరంటోలో ఉంటుంది. రెండోరోజుకి గానీ చేరలేకపోయింది, అప్పటికి అన్నీ అయిపోయాయి. ఏడాది తిరిగేముందు ఫోన్ చేసి అడిగింది. "నాన్నా, నాకు అప్పుడు సోమవారం రాత్రి ఎనిమిదిన్నర. నేనే రోజు చెయ్యాలి? ఇక్కడ ఒకరు ఇండియా రోజే అంటున్నారు, ఇంకొకరు ఇక్కడి పంచాంగం అంటున్నారు."

అమెరికా, కెనడా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏటా నలిగే ప్రశ్న ఇది. పంతులుగార్ని అడిగి చెప్పొచ్చు. కానీ నాకు మామ్మ గుర్తొచ్చింది. "అమ్మ పోయినప్పుడు నువ్వెక్కడున్నావు? ఏం కనిపిస్తోంది?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "వంటింట్లో అంట్లు కడుగుతున్నాను. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. కిటికీలో ఎర్రగా ఉంది. మీ ఫోనొచ్చింది" అంది. "అయితే ఆ ఎరుపుండగానే పెట్టు" అన్నాను. ఇప్పుడు ఆమె ముందురోజు సాయంత్రం దీపం పెడుతుంది. అదే క్షణంలో ఇక్కడ నేను తెల్లవారి దీపం పెడతాను. శాస్త్రం ఒప్పుతుందో లేదో తెలిసినవాళ్ళు ఉత్తరం రాస్తే సంతోషిస్తాను, కానీ మార్చను.

ఈ పెద్దపండగకి మా పీట నిండిపోయింది. తాతకి లుంగీ, మామ్మకి నేతచీర, నాన్నకి పంచె, చిన్నతాతకి చొక్కా, చిన్నమామ్మకి పూల లుంగీ, నా భార్యకి ఆకుపచ్చ ఉప్పాడ చీర. ధూపం అయ్యాక లుంగీ నేను కట్టుకున్నాను. చీర అమ్మాయికి కొరియర్ చేశాను. జనవరి చలిలో లోపల రెండు స్వెట్టర్లు వేసుకుని కట్టుకుని ఫొటో పంపింది. అచ్చం పంపుసెట్టుకి చీర కట్టినట్టుంది. వాళ్ళమ్మ చూస్తే నవ్వేది.

ఇంతా చెప్పాను గానీ, మా తాత రంగం వెళ్ళింది ఏ ఏడాదో, ఏ రేవులో ఓడెక్కాడో నాకు తెలీదు. మామ్మని అడగాలనే తోచలేదు. తాత ఎవరి దగ్గర కూర్చుండిపోయాడో ఆ పక్క ఊరాయన పేరు కూడా తెలీదు. ఆయన ఇంట్లో కూడా ఎవరో ఒకరు చాలాకాలం ఎదురుచూసే ఉంటారు. శ్రోతల్లో ఎవరింట్లోనైనా, "మా ముత్తాత రంగం ఎళ్ళి మరి రాలేదు" అనే మాట వినబడి ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టండి. పేరు, ఊరు, వెళ్ళిన ఏడాది. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రానికి ఒక కార్డు రాస్తే నాకు చేరుతుంది.